ఉప్పు సముద్రంలో మంచినీటి లెక్క

1972 జూన్ 15, ఉదయం పది గంటల వేళ. గలపాగోస్ దీవులకు పడమరగా దాదాపు 200 మైళ్ళ దూరంలో లూసెట్ అనే తెరచాప నౌక మార్క్వెసాస్ దీవుల వైపు సాగిపోతోంది. పొడవు 43 అడుగులు, ఒళ్ళంతా చెక్క, వయసు యాభై ఏళ్ళు. ఉన్నట్టుండి అడుగునుంచి పెద్ద దెబ్బ తగిలింది. వెంటనే మరో రెండు. ఓర్కా తిమింగలాల గుంపు ఒకటి నౌకను గుద్దింది. అడుగు చెక్కలు పగిలి నీళ్ళు ఉబికి వచ్చాయి. ఆ తర్వాత నౌక నీటిపైన నిలిచింది నిమిషమో, రెండు నిమిషాలో.

అందులో ఉన్నది ఆరుగురు. తండ్రి డూగల్ రాబర్ట్‌సన్, తల్లి లిన్, పద్దెనిమిదేళ్ళ పెద్దకొడుకు డగ్లస్, పదకొండు పన్నెండేళ్ళ కవలలు నీల్, శాండీ. వీళ్ళతో పాటు పనామాలో నౌక ఎక్కిన 22 ఏళ్ళ వేల్స్ కుర్రాడు రాబిన్ విలియమ్స్. కూతురు ఆన్ అంతకుముందే బహామాస్‌లో దిగిపోయింది. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో పాడి పొలం అమ్మేసి, ఆ డబ్బుతో నౌక కొనుక్కుని, పిల్లలకు ప్రపంచం చూపిద్దామని 1971 జనవరిలో ఫాల్మత్ రేవు నుంచి బయలుదేరిన కుటుంబం అది.

నౌక మునిగేటప్పటికి వాళ్ళ చేతికి దక్కినవి రెండే. ఒకటి గాలి నింపుకునే రబ్బరు తెప్ప. రెండోది ఎడ్నమేర్ అనే తొమ్మిది పది అడుగుల చిన్న దోనె. తెప్పలో అత్యవసరానికి పెట్టిన రొట్టె, గ్లూకోజ్ పదిమందికి రెండు రోజులకు సరిపోతాయి. మంచినీళ్ళు 18 పింట్లు, అంటే పది లీటర్ల పైచిలుకు. నీళ్ళలో తేలుతూ దొరికిన నారింజలు, నిమ్మకాయలు కొన్ని, శాండీ అందుకున్న ఉల్లిపాయల సంచి, లిన్ కుట్టుసామాను బుట్ట, ఒక వంటింటి కత్తి. దిక్సూచి లేదు, పటం లేదు. రేడియో అంతకంటే లేదు.

ఆ తర్వాత 38 రోజులకు ఆరుగురూ ప్రాణాలతో దొరికారు. డూగల్ ఆ కథను 1973లో ‘సర్వైవ్ ది సావేజ్ సీ’ అనే పుస్తకంగా రాశాడు. 1992లో సినిమా వచ్చింది. 2005లో డగ్లస్ తన వైపు కథ రాశాడు. ఈ ఉదంతాన్ని అందరూ ధైర్యసాహసాల గాథగానే చెప్పుకుంటారు. ధైర్యం ఉంది, కాదనను. కానీ ఆ 38 రోజుల్లో వాళ్ళు తీసుకున్న ప్రతి పెద్ద నిర్ణయాన్నీ పట్టి చూస్తే, దాని అడుగున ఒకటే ప్రశ్న కనిపిస్తుంది: ఒంట్లోకి నీరెంత వస్తోంది, ఒంట్లోంచి ఎంత పోతోంది? ఎటు పోవాలి, ఏం తినాలి, ఎప్పుడు తినకూడదు, చివరికి నోటితో తాగలేని నీటిని ఎలా వాడుకోవాలి, అన్నీ ఆ ప్రశ్నకు జవాబులే. ఈ అధ్యాయం ఆ జవాబుల గురించి.

ముందు అసలు సమస్య. చుట్టూ కనుచూపు మేర నీళ్ళే. వాటిని తాగితే ఏమవుతుంది?

లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. మన రక్తంలో ఉప్పదనం లీటరుకు తొమ్మిది గ్రాముల ఉప్పుతో సమానం. అదనంగా వచ్చిన ఉప్పును బయటికి పంపే పని కిడ్నీలది. ఉప్పు ఒక్కటీ బయటికి పోదు, నీటిలో కరిగే పోవాలి. మనిషి కిడ్నీ ఎంత గట్టిగా పనిచేసినా లీటరు మూత్రంలో ఇరవై గ్రాములకు మించి ఉప్పును పట్టించలేదు. కాబట్టి లీటరు సముద్రపు నీరు తాగితే, అందులోని 35 గ్రాములను బయటికి నెట్టడానికి లీటరున్నర దాటి, దాదాపు లీటరూ ముప్పావు మూత్రం కావాలి. ఆ అదనపు ముప్పావు లీటరు ఎక్కడినుంచి వస్తుంది? ఒంట్లోని కణాల్లోంచే. మాగాయకు కోసిన మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి మూడు రోజులు ఉంచితే జాడీ నిండా ఊట దిగి ముక్క ముడుచుకుపోతుంది చూశారా, సముద్రపు నీరు తాగిన మనిషి మెదడు కణాలకు జరిగేదీ అదే. దాహం పెరుగుతుంది, మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, పూనకం వచ్చినవాడిలా సముద్రంలోకి దూకేవాళ్ళూ ఉంటారు.

ఇది కాగితం మీది లెక్కే కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిన బ్రిటిష్ నౌకల నుంచి ప్రాణరక్షక పడవల్లోకి దిగినవాళ్ళ వివరాలను మెకాన్స్ అనే శాస్త్రవేత్త బృందం తవ్వి తీసి 1956లో ప్రచురించింది. సముద్రపు నీరు తాగిన పడవల్లో నూటికి 39 మంది దాకా చనిపోయారు. తాగని పడవల్లో నూటికి ముగ్గురు. పడవలో ఎన్ని రోజులున్నారు, చలి ఎంత, గాయాలున్నాయా అనే తేడాలు ఎన్ని చెప్పుకున్నా అంత పెద్ద అంతరాన్ని కొట్టిపారేయలేం.

ఈ లెక్కకు ఎదురు నిలిచిన మనిషి ఒకడున్నాడు. ఫ్రెంచి వైద్యుడు అలైన్ బొంబార్ 1952లో ఒంటరిగా రబ్బరు పడవలో అట్లాంటిక్ దాటి, కొద్దికొద్దిగా సముద్రపు నీరు తాగుతూ బతకవచ్చని ప్రచారం చేశాడు. తర్వాత చిన్న పడవల్లో అదే సముద్రం దాటిన జర్మన్ వైద్యుడు హానెస్ లిండెమన్ ఆ మాటను గట్టిగా ఖండించాడు. నా తీర్పు లిండెమన్ వైపే. మంచినీరు చేతిలో ఉన్నప్పుడు దానిలో కాస్త సముద్రపు నీరు కలిపి కొంత సాగదీయవచ్చేమో గానీ, మంచినీరు లేనప్పుడు సముద్రపు నీరు దాహం తీర్చదు, చావును దగ్గర చేస్తుంది. డూగల్ పూర్వం సరుకు నౌకల్లో అధికారిగా పనిచేసినవాడు. లిన్ శిక్షణ పొందిన నర్సు. సముద్రపు నీటిని తాగునీటిగా వాడుకోవడం అనే ఆలోచనను ఇద్దరూ దగ్గరికి రానివ్వలేదు.

ఇక రెండో ప్రశ్న, ఎటు పోవాలి? ఎవరికైనా మొదట తోచేది వచ్చిన దారినే వెనక్కి పోవడం. గలపాగోస్ 200 మైళ్ళే కదా. కానీ గాలీ ప్రవాహమూ రెండూ అటునుంచే తోసుకొస్తున్నాయి. ఆ ప్రాంతంలో ఆగ్నేయ వ్యాపార పవనాలు ఏడాది పొడుగునా పడమటి వైపు తోస్తాయి. దక్షిణ అమెరికా తీరం వెంట వచ్చే చల్లని హంబోల్ట్ ప్రవాహం కూడా అక్కడ పడమటికి తిరుగుతుంది. ఆ చల్లటి నీటి మీద గాలి పైకి లేవదు, మేఘం పట్టదు, వాన అరుదు. అంటే వెనక్కి పోలేరు, ఉన్నచోట ఉంటే దాహంతో చస్తారు. గాలివాటున పడమటికి పోతే మార్క్వెసాస్ దీవులు ఇంచుమించు మూడు వేల మైళ్ళు.

డూగల్ బుర్రలో పాత నావికుడి పటం ఉంది. భూమధ్యరేఖకు కొంచెం ఉత్తరాన ఈశాన్య వ్యాపార పవనాలు, ఆగ్నేయ వ్యాపార పవనాలు ఎదురెదురుగా వచ్చి కలిసే మేఖల ఒకటుంది. రెండు వైపులనుంచి వచ్చిన తేమగాలి అక్కడ పైకి లేచి చల్లబడి కుండపోతగా కురుస్తుంది. నావికులు దాన్ని డోల్‌డ్రమ్స్ అంటారు. తెరచాప నౌకలకు అది శాపం, గాలి ఆడదు కాబట్టి. దాహంతో ఉన్న మనిషికి మాత్రం అదే వరం. (ఈ మేఖలే ఎండాకాలంలో ఉత్తరానికి జరిగి హిందూ మహాసముద్రాన్ని దాటి, జులై నాటికి గంగా మైదానం మీద రుతుపవన ద్రోణిగా నిలుస్తుంది. మన ఖరీఫ్ పంటకు కురిసే వానకూ రాబర్ట్‌సన్ పిల్లల గొంతు తడిపిన వానకూ మూలం ఒక్కటే.) పైగా అదే అక్షాంశాల్లో తూర్పుకు, అంటే మధ్య అమెరికా వైపు ప్రవహించే భూమధ్యరేఖా ప్రతిప్రవాహం ఉంది. ముందు ఉత్తరానికి వానలోకి పోవాలి, అక్కడినుంచి ప్రవాహం పట్టుకుని తూర్పుకు తీరం చేరాలి. డూగల్ నిర్ణయం అది. నేల దగ్గరున్న వైపు వదిలి నీరు దగ్గరున్న వైపు పోదామనుకున్నాడు. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే తెలివైన ఘట్టం ఇదే అనిపిస్తుంది.

తేలుతూ దొరికిన తెరచాప గుడ్డను దోనెకు కట్టి, దోనెతో తెప్పను లాగించారు. దారి చూపడానికి సూర్యుడు, నక్షత్రాలు, అలల తీరు. ధ్రువ నక్షత్రం ఆకాశంలో ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తే మనం భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు అన్ని డిగ్రీల దూరంలో ఉన్నట్టు. హైదరాబాద్‌లో అది 17 డిగ్రీల ఎత్తున ఉంటుంది. భూమధ్యరేఖకు దిగువన అసలు కనిపించదు. ఉత్తర దిక్కున, నీటి అంచుకు కాస్త పైన అది కంటికి ఆనిందంటే అయిదారు డిగ్రీలు ఎక్కి వచ్చినట్టే. పరికరం లేకపోయినా దారి తెలుస్తుంది.

ఏడో రోజున ఒక ఓడ కనిపించింది. మూడు మైళ్ళ దూరంలో ఉంటుంది. వాళ్ళు తెప్పలో ఉన్న మంటల సంకేతాలు వెలిగించారు. ఓడ ఆగలేదు, తన దారిన పోయింది.

దీన్ని ఓడవాళ్ళ నిర్లక్ష్యం అనుకోనక్కర లేదు. నీటికి మీటరు ఎత్తున కళ్ళున్న మనిషికి దిగంతం మూడున్నర కిలోమీటర్లే. పదిహేను మీటర్ల ఎత్తున నిలబడ్డ ఓడ కాపలాదారుకు పద్నాలుగు కిలోమీటర్ల దాకా కనబడుతుంది గానీ, ఆ మేరలో ఉన్న కోటానుకోట్ల అలల మధ్య ఒక దోనె నీడను పసిగట్టడం అతి కష్టం. రబ్బరు తెప్పలు, చిన్న దోనెలు రాడార్ తరంగాలను సరిగా వెనక్కి పంపవు కూడా. పట్టపగలు మంట వెలుగు ఎండలో కలిసిపోతుంది. కనిపించాలంటే చీకటి కావాలి, లేదా అదృష్టం కావాలి. ఆ ఓడ పోయాక డూగల్ ఆలోచన మారింది. ఎవరో వచ్చి కాపాడతారని ఎదురుచూడడం మానుకుని, సముద్రం మీదే బతకడం నేర్చుకుని తీరం చేరడమే పనిగా పెట్టుకున్నారు. దారిలో ఓడ కనిపిస్తే మంచిదే.

బతకడం అంటే తినడం. ఇక్కడే నీటి లెక్క చిక్కుపడుతుంది, ఎందుకంటే ఆకలి తీర్చేది దాహం పెంచగలదు.

మాంసకృత్తులు అరిగాక మిగిలే వ్యర్థం యూరియా. దాన్ని కూడా కిడ్నీలు నీటిలో కలిపే బయటికి పంపాలి. అర కిలో పచ్చి చేప మాంసం తీసుకోండి. అందులో నీరు 380 మిల్లీలీటర్ల చిల్లర, మాంసకృత్తులు వంద గ్రాములు. ఆ వంద గ్రాములూ శక్తి కోసం ఖర్చయితే దాదాపు 34 గ్రాముల యూరియా తయారవుతుంది. దాన్ని బయటికి పంపడానికి కిడ్నీకి ఇంచుమించు అర లీటరు నీరు కావాలి. చేప తెచ్చిన నీరు చేప ఖర్చుకే చాలదు. అదే చేపను ఎండబెట్టి తింటే నీటి రాబడి ఉండదు, ఖర్చు మాత్రం అంతే. అందుకే ప్రాణరక్షక పడవల నియమాల్లో మొదటిది: నీళ్ళు లేకపోతే తినొద్దు. చక్కెర, కొవ్వు వేరు. అవి యూరియాను మిగల్చవు. 1940లలో అమెరికన్ వైద్యుడు జేమ్స్ గ్యాంబుల్ స్వచ్ఛంద సేవకుల మీద పరిశోధన చేసి, రోజుకు వంద గ్రాముల గ్లూకోజ్ ఇస్తే శరీరం తన కండను తానే కరిగించుకోవడం సగానికి తగ్గుతుందని, ఆ మేరకు నీరు కూడా ఆదా అవుతుందని చూపించాడు. తెప్పల్లో గ్లూకోజ్ బిళ్ళలు పెట్టడం వెనక ఉన్న శాస్త్రం ఇది.

రాబర్ట్‌సన్ల దగ్గర గ్లూకోజ్ కొద్దిరోజులకే అయిపోయింది. అప్పుడు వచ్చింది తాబేలు.

తెప్ప అడుగున ఏదో రుద్దుకుంటూ పోతున్నట్టు తగిలేది. సముద్రపు తాబేళ్ళకు నీడ ఇష్టం, తేలే వస్తువు కింద చేరతాయి. దాని రెక్కల్లాంటి ముందరి కాళ్ళను పట్టి, ముక్కు కొరక్కుండా, గోళ్ళు చీల్చకుండా దోనెలోకి లాగడం ఒక ఎత్తు. వెల్లకిలా పడేసి, గట్టి తోలు మధ్య మెత్తటి చోటు వెతికి, వంటింటి కత్తితో మెడ కోయడం ఇంకో ఎత్తు. ఆ చేతులకు అప్పటికే ఉప్పునీటి పుళ్ళు లేచాయి. రక్తం నిమిషంలోనే గడ్డకట్టడం మొదలవుతుంది కాబట్టి గిన్నె సిద్ధంగా పట్టుకుని, పట్టిన వెంటనే తాగేయాలి. డూగల్ ముందు తాను రుచి చూశాడు. అది ఉప్పగా లేదు. ఆ మాట విన్నాక మిగతావాళ్ళ చేతికి గిన్నె వెళ్ళింది.

ఉప్పు సముద్రంలో పుట్టి, ఉప్పునీళ్ళు మింగుతూ, ఉప్పునీళ్ళలో పెరిగే జీవాలనే తిని బతికే తాబేలు రక్తం ఉప్పగా ఎందుకు లేదు? దాని కిడ్నీ మన కిడ్నీ కంటే బలహీనమైనది. కానీ దాని కళ్ళ వెనక రెండు పెద్ద లవణ గ్రంథులున్నాయి. అవి రక్తంలోని ఉప్పును పీల్చి, సముద్రపు నీటికి రెండింతల ఉప్పదనంతో కన్నీళ్ళుగా బయటికి పంపుతాయి. శ్రీకాకుళం, విశాఖ తీరాలకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వచ్చినప్పుడు వాటి కళ్ళవెంట జిగటగా నీరు కారుతుంది. చూసినవాళ్ళు తాబేలు ఏడుస్తోందని జాలిపడతారు. అది ఏడుపు కాదు, ఉప్పును బయట పారేసే పని. తాబేలు నీటిలో ఉన్నంతసేపూ ఆ పని జరుగుతూనే ఉంటుంది, మనకు కనిపించదంతే. ఈ గ్రంథుల పుణ్యాన తాబేలు రక్తపు ఉప్పదనం సముద్రంలో మూడో వంతు దగ్గరే ఆగుతుంది, మన రక్తానికి దగ్గర. కిడ్నీ చేయలేని పనిని తాబేలు మన కోసం ముందే చేసి పెట్టిందన్నమాట. ఎముకలున్న చేపలు కూడా మొప్పల ద్వారా ఉప్పును బయటికి నెట్టి ఇలాగే ఒంట్లో ఉప్పును తక్కువగా ఉంచుకుంటాయి. అందుకే రాబర్ట్‌సన్ కుటుంబంవాళ్ళు చేప కళ్ళు చీకారు, వెన్నుపూసల మధ్యనున్న ద్రవాన్ని పీల్చారు.

అయితే రక్తం నీళ్ళు కాదు. అందులో మాంసకృత్తులు దండిగా ఉంటాయి, వాటి యూరియా ఖర్చు ఉండనే ఉంది. తాబేలులో నీటి లెక్కకు నిజంగా కలిసొచ్చేది కొవ్వు. కొవ్వు ఒంట్లో మండితే గ్రాముకు గ్రాము పైచిలుకు నీరు పుడుతుంది, యూరియా పుట్టదు. వాళ్ళు తాబేలు కొవ్వును ఎండలో పెట్టి నూనె తీసి పుళ్ళకు రాసుకున్నారు, మాంసాన్ని దారాల్లా కోసి తాళ్ళకు ఆరవేశారు. ఎండిన మాంసం వాన పడ్డ రోజుల కోసం, పచ్చి మాంసం, రక్తం ఎండ రోజుల కోసం. మూత్రపిండ శాస్త్రం చదివినవాడు పెట్టినా ఇంతకంటే మంచి పద్ధతి పెట్టలేడు. ఎగిరే చేపలు దొరికేవి. ఒక పెద్ద డొరాడో చేప తనంత తానే దోనెలోకి ఎగిరిపడింది. తర్వాత ఒక షార్క్‌ను కూడా పట్టారు. పచ్చి మాంసంలో, కాలేయంలో ఉండే కొద్దిపాటి సి విటమిన్, మొదట్లో తిన్న ఉల్లి, నిమ్మ, నారింజ కలిసి స్కర్వీ రాకుండా ఆపడానికి 38 రోజులకు చాలాయి. ఆ వ్యాధి తల ఎత్తడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది.

పదిహేడో రోజుకు రబ్బరు తెప్ప పని అయిపోయింది. నోటితో ఎంత ఊదినా గాలి నిలవడం లేదు. ఆరుగురూ ఆ చిన్న దోనెలోకి మారారు. దోనె అంచుకూ నీటికీ మధ్య జానెడు ఎత్తు కూడా లేదు. ఒకరు కదలాలంటే ఎదురుగా ఉన్నవాళ్ళు అదే క్షణంలో అటు జరగాలి. దోనె మునగకుండా ఉండాలంటే బరువంతా కలిసి ఒకే బిందువు మీద పనిచేసే చోటు, అంటే గురుత్వకేంద్రం, కిందికి, మధ్యకు ఉండాలి. ఎవరు ఎక్కడ కూచోవాలో, పెద్ద అల వచ్చినప్పుడు ఎవరు ఎటు వాలాలో డూగల్ నిర్ణయించాడు. పగలంతా తడి, రాత్రంతా తడి. ఉప్పునీటిలో నానిన చర్మం మెత్తబడి, రాపిడికి చిట్లి, సూక్ష్మజీవులు చేరి పుండ్లవుతాయి. ఒళ్ళంతా అవే.

వాన మాత్రం దొరికింది. అనుకున్న మేఖలలోకి వచ్చేశారు. కురిసినప్పుడు తెరచాప గుడ్డ పరిచి పట్టారు. కానీ దోనె అడుగున చేరిన నీటిలో వాన నీళ్ళతో పాటు తాబేలు రక్తం, చేప పొలుసులు, కుళ్ళిన ముక్కలు కలిసిపోయేవి. వాసనకే కడుపులో తిప్పేది. తాగి వాంతి చేసుకుంటే ఉన్న నీరూ పోతుంది. పారబోయడానికి మనసొప్పదు.

అప్పుడు లిన్ చెప్పింది, దాన్ని మలద్వారం గుండా, ఎనిమాగా ఎక్కిద్దామని. నిచ్చెన గొట్టాన్ని తీసి పరికరం తయారుచేశారు. ఈ ఘట్టం గురించి చదివినవాళ్ళు ముఖం చిట్లిస్తారు, సినిమాలవాళ్ళు దాటేయాలని చూస్తారు. నాకు మాత్రం ఇది ఈ మొత్తం కథలో శిఖరం. మన పెద్దపేగు పని ప్రధానంగా నీటిని పీల్చుకోవడమే. చిన్నపేగు దాటి వచ్చిన దానిలోంచి రోజూ లీటరు, లీటరున్నర నీటిని అది రక్తంలోకి తిరిగి లాగుతుంది, అవసరమైతే అంతకు రెండు మూడింతలు లాగగలదు. నాలుకకు రుచి తెలుస్తుంది, పేగుకు తెలియదు. వాంతి తెప్పించే నరాల ప్రేరణ నోరు, ముక్కు, జీర్ణాశయం దగ్గర మొదలవుతుంది. ఆ దారిని తప్పిస్తే నీరు ఒంట్లో నిలుస్తుంది. పెద్దపేగు ఎలాగూ కోట్లాది సూక్ష్మజీవులకు నిలయం కాబట్టి కాస్త మురికి నీటిని అది జీర్ణాశయం కంటే బాగా ఓర్చుకుంటుంది. నరానికి సెలైన్ ఎక్కించడం ఇంకా అంతగా వాడుకలోకి రాని రోజుల్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, జాన్ మర్ఫీ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు రోగులకు ఈ దారినే బొట్టుబొట్టుగా ద్రవం ఎక్కించేవాడు. పాత నర్సింగ్ చదువులో అది భాగం. ఇక్కడొక హెచ్చరిక చెప్పి తీరాలి. ఇది ఉప్పులేని నీటితోనే పనిచేస్తుంది. సముద్రపు నీటిని ఎనిమాగా ఎక్కిస్తే పేగు గోడలోంచి నీరు బయటికి లాక్కోబడుతుంది, నోటితో తాగినంత హానీ జరుగుతుంది.

డూగల్ పుస్తకం రాశాడు కాబట్టి కథ డూగల్ కథగా నిలిచిపోయింది. దారి అతను చూపించాడు, వేట అతను నేర్చుకున్నాడు, నిజమే. కానీ పుళ్ళు కట్టినది, చలికి కొయ్యబారిన పిల్లల ఒళ్ళు రుద్దినది, వాళ్ళు మింగేలా చూసినది, కరువు రోజున ఎనిమా ఆలోచన చేసినది లిన్. ఆమెకు దక్కవలసినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం.

ఒంట్లోంచి పోయే నీటి సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. ఏమీ చేయకుండా కూచున్న మనిషి కూడా శ్వాస, చర్మం ద్వారా రోజుకు ముప్పావు లీటరు దాకా పోగొట్టుకుంటాడు. ఎండలో తెడ్డు వేస్తే చెమట దానికి ఎన్నో రెట్లు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన అడాల్ఫ్ బృందం ఎడారుల్లో, తెప్పల మీద దీన్ని కొలిచింది. తేలిందేమిటంటే, బట్టలు తీసేయకూడదు, సముద్రపు నీటితో తడిపి ఉంచుకోవాలి. ఆవిరయ్యే నీరే ఒంటిని చల్లబరుస్తుంది. అది సముద్రానిదైతే ఒంట్లోని నీరు మిగులుతుంది. పగలు నీడన కదలకుండా పడుకుని, పని చల్లపూట చేసుకోవాలి. సముద్రపు నీరు ఒంటి లోపల విషం, ఒంటి మీద ఔషధం.

మనసు సంగతి? వాళ్ళు గంటల తరబడి ఒక ఆట ఆడేవారు. ఊరికి పోయాక స్టాఫర్డ్‌షైర్‌లోని లీక్ పట్టణంలో ‘డూగల్స్ కిచెన్’ పేరుతో హోటల్ పెడదామని, అందులో ఏమేం వండాలో, ఎలా వడ్డించాలో మాట్లాడుకునేవారు. తిండి లేనివాళ్ళు తిండి గురించే మాట్లాడడం ఆకలి మీద పరిశోధన చేసినవాళ్ళందరూ గమనించినదే. ఇక్కడ అది ఆరుగురినీ రేపటి గురించి మాట్లాడించింది.

జులై 23న, డూగల్‌కు దూరాన ఓడ కనిపించింది. మిగిలిన మంటల సంకేతాలు వెలిగించాడు. వేళ్ళు కాలుతున్నా పట్టుకునే ఉన్నాడు. ఈసారి ఓడ తిరిగింది. అది పనామా కాలువ వైపు పోతున్న జపాన్ చేపల ఓడ, తోకా మారు. 750 మైళ్ళ పైగా ప్రయాణించాక దొరికారు వాళ్ళు. ఓడ మీదికి చేర్చాక వాళ్ళ కాళ్ళు నిలవలేదు. 38 రోజులు ముడుచుకుని కూచున్న కండరాలు అవి.

ఇక్కడ ఆగి ఒక పాత తేదీ గుర్తుచేయాలి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే సంగతి. ఆ దాడుల పరంపరలోనే మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 9న, శ్రీలంకలోని ట్రింకోమలీ రేవులో సగైంగ్ అనే నౌక బాంబులకు కాలిపోయింది. ఆ నౌకలో పనిచేసినవాడు డూగల్. ముప్పై ఏళ్ళ తర్వాత అతని పిల్లలను నీళ్ళలోంచి ఎత్తి, తిండిపెట్టి, బట్టలిచ్చి, పనామా రేవులో దింపినవాళ్ళు జపాన్ జాలరులు.

ఈ కుటుంబం ఒక్కటే ఇలా బతికింది అనుకోవద్దు. మరుసటి ఏడాది, 1973 మార్చిలో, అదే గలపాగోస్ పరిసరాల్లో మారిస్, మారలిన్ బెయిలీ అనే దంపతుల నౌక తిమింగలం తగిలి మునిగింది. వాళ్ళు 118 రోజులు తెప్ప మీద వాన నీళ్ళు, తాబేళ్ళు, చేపలతోనే గడిపారు. కొరియా ఓడ ఒకటి కాపాడింది. ఓర్కాలు నౌకలను తాకడం ఆ రోజులతో పోయిందీ కాదు. 2020 నుంచి స్పెయిన్, పోర్చుగల్ తీరాల్లో ఓర్కాల చిన్న గుంపు తెరచాప నౌకల చుక్కానులను పట్టి విరుస్తోంది. అది కోపం కాదు, ఎక్కువగా పిల్ల ఓర్కాల ఆట అని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

ఎడ్నమేర్ దోనె ఇప్పుడు వాళ్ళు బయలుదేరిన ఫాల్మత్ పట్టణంలోనే, కార్న్‌వాల్ జాతీయ సాగర మ్యూజియంలో ఉంది.

రాబర్ట్‌సన్ల కోసం ఆ 38 రోజులూ ఎవరూ వెతకలేదు. మార్క్వెసాస్ చేరడానికే వారాలు పడుతుంది కాబట్టి వాళ్ళు ఆపదలో ఉన్నారని ఎవరికీ తెలియదు. ఇవాళ ఆ స్థితి ఎవరికీ రానక్కర లేదు. కోస్పాస్-సర్సాట్ ఉపగ్రహ వ్యవస్థ 1982 నుంచి ఆపదలో ఉన్న నౌకల సంకేతాలను పట్టి రక్షణ దళాలకు అందిస్తోంది. మన మత్స్యకారుల కోసం ఇస్రో తయారుచేసిన డాట్ అనే ఆపద సంకేత పరికరం 2010 నుంచి వాడుకలో ఉంది. మీట నొక్కితే పడవ ఎక్కడుందో తీర రక్షక దళానికి ఉపగ్రహం ద్వారా తెలుస్తుంది. దాని రెండో తరం పరికరంలో, మీ సందేశం అందింది అనే జవాబు కూడా వెనక్కి వస్తుంది. తీర రక్షక దళం ఫోన్ నంబరు 1554. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా వేటకు పోయే ప్రతి పడవలో ఆ పరికరం పనిచేసే స్థితిలో ఉండాలి, మనిషికి రోజుకు అర లీటరు చొప్పున వారానికి సరిపడా మంచినీరు విడిగా సీలు వేసి ఉండాలి. మీ ఇంట్లోవాళ్ళు సముద్రం మీదికి పోయేవాళ్ళయితే, ఈసారి పడవ కదిలేముందు ఈ రెండూ మీరే చూసి పంపండి.